ఆఖరి ఐదు నిమిషాలు లేని కేసెట్టు

మాచర్ల,
22-8-87, శనివారం, మధ్యాహ్నం రెండు గంటలు.

హన్నమ్మకు నాన్న దీవెనలు.

ప్రభువు కృప వల్ల నేనూ మీ అమ్మా తిని తిరుగుతున్నాం. మద్రాసులో నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను. క్షేమమని రాయడం ఆనవాయితీ గనుక రాశాను. ఒంటికి క్షేమమే, లోపల మాత్రం తుఫానులో యోనా ఎక్కిన ఓడలా ఉంది. ఈ నాలుగు వాక్యాలు రాసేలోపే రెండుసార్లు లేచి గుమ్మం దాకా పోయి వచ్చాను. మీ అమ్మ చూసి, "కూచుంటే ముల్లేమన్నా గుచ్చుకుంటందా?" అంది.

నీ మూడు ఉత్తరాలకూ కలిపి ఇదొక్కటే జవాబు. మొదటిది వచ్చి పదకొండు నెలలైంది. ఇంత ఆలస్యం ఎందుకైందో కింద రాస్తాను. ముందు నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను.

అమ్మ మోకాలు అలాగే ఉంది. స్టూలు మీద కూచుని వండుతుంది. కింద కూచుంటే లేవడానికి నన్ను పిలవాలి, పిలవడం ఆమెకిష్టం లేదు. నా దగ్గు తగ్గింది. పాలిష్ ఫ్యాక్టరీలో రాయి కోసేటప్పుడు ఇప్పుడు నీళ్ళు ధారగా వదులుతున్నారు, దుమ్ము తక్కువ. మందిరం రేకులు ఇంకా మార్చలేదు. వాన పడితే నా ప్రసంగం నాకే వినిపించదు, అయినా ఆపను, నీకు తెలుసు. పుల్లమ్మ పిన్ని మనవరాలి ఫంక్షన్ ఎప్పుడని అడిగావు. ఈ నెల్లోనే జరిగింది. దాని సంగతి కూడా కిందే.

ఇక నీ అసలు ప్రశ్న. మీ కంపెనీ హాంకాంగ్ ఫైటింగు సినిమా ఒకటి కొని, దానికి తెలుగు మాటలు పెట్టి, హాలులో ఆడించకుండా నేరుగా కేసెట్టుగా వదిలిందనీ, ఆ మాటలు రాసింది నువ్వేననీ రాశావు. టైపిస్టుగా చేరిన పిల్ల రెండేళ్ళలో మాటలు రాసేదాకా వెళ్ళింది. సంతోషమని అప్పుడే రాసి ఉండాల్సింది. నీ మూడో ఉత్తరంలో మాటలు నాకిప్పుడు కంఠతా వచ్చాయి: "నాన్నా, పొగడబాకు, తిట్టబాకు. మన దారిలో వేసినట్టు తూకం వెయ్యి. బొమ్మ ఎట్లుంది, శబ్దం ఎట్లుంది, మాట పెదవికి అతికిందా, జనం ఎక్కడ నవ్వారు, నవ్వకూడని చోట ఎక్కడ నవ్వారు, అన్నీ రాయి. ఇక్కడ గదిలో కూచుని అందరూ బాగుందంటున్నారు. పల్నాడులో ఎట్లుందో తెలిస్తేనే రెండో సినిమా నాకివ్వాలా వద్దా అనేది తేలుస్తారు."

మన దారి నువ్వు మరిచిపోలేదన్నమాట. నీకు ఎనిమిదేళ్ళప్పటి నుంచి ఏ సభకు పోయినా తిరిగి నడిచి వచ్చేటప్పుడు ఆ రోజు బోధకుణ్ణి తక్కెడలో వేసేవాళ్ళం. బెల్షస్సరు రాజుకు 'తక్కెడలో తూచగా తక్కువైతివి' అని గోడ మీద వేలు రాసిన తీర్పు మనిద్దరికీ ఆట అయింది. నువ్వు రెండు చేతులూ చాపి నడిచేదానివి. ఒక చేతిలో వాక్యం, రెండో చేతిలో వాగుడు. ఏ చెయ్యి కిందికి దిగితే అదే తీర్పు. ఒకసారి నా ప్రసంగం రోజున నీ చెయ్యి వాగుడు వైపు మోకాలి దాకా దిగింది. ఆ రోజు నేను నవ్వలేదు. తర్వాత చాలా ఏళ్ళు నవ్వుకున్నాను.

కాబట్టి తూకం వేశాను. మీ యజమానికి చూపించుకోవడానికి వేరే కాగితం మీద పద్ధతిగా రాసి ఇందులో పెట్టాను. ఇది మాత్రం నీకే.

జిలానీ వీడియో లైబ్రరీ మన వీధి చివరే ఉందని నీకు తెలుసు. అయినా మొన్న గురువారం ఫ్యాక్టరీకి కరెంటు సెలవైతే, నేనూ మీ అమ్మా బస్సెక్కి విజయపురి సౌత్ పోయి చూశాం. దగ్గరది వదిలి దూరం ఎందుకు పోయామంటే, అదీ కిందే. అన్నీ కిందికి నెడుతున్నానని నీకర్థమవుతూనే ఉంటుంది. కొంచెం ఓర్చుకో.

బస్సులో మీ అమ్మ నా చంకలో బైబిలు చూసి, "సినిమాకి పోతా ఇదెందుకయ్యా?" అంది.

"కొలబద్ద లేకుండా కొలత ఎట్లా వేస్తారే?"

"కొలుచుకో. మధ్యలో లేచి ప్రసంగం మాత్రం చెప్పబాకు. టిక్కెట్టు కొన్నాక నేను మొత్తం చూస్తా."

షౌకత్ అనే అతను తన ఇంటి ముందుగదిలో టీవీ పెట్టి పగటిపూట ఆడిస్తాడు. డ్యాం పక్కన కరెంటు పుట్టే ఊరు గనుక అక్కడ కోత లేదు. కిటికీలకు దుప్పట్లు కట్టాడు. ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా మల్లికార్జునరావు గారు, డ్యాం పనివాళ్ళు పది పన్నెండు మంది, వెనక చాప మీద షౌకత్ తల్లి జైనాబ్ బీ, ఆమె పక్కన మీ అమ్మ. నేను బెంచీ చివర కూచుని బైబిలు ఒళ్ళో పెట్టుకున్నాను. సినిమా పేరు 'నూటొక్క మెట్లు'.

ముందు బొమ్మ. మేం చూసింది అసలు కేసెట్టు కాదు, దాని మీద నుంచి తీసిన కాపీ. అందుకని గీతలు నీ తప్పు కాదు. కాని ఒక తప్పు అసలుదే. హాలు తెరకి తీసిన వెడల్పాటి బొమ్మని టీవీలో పట్టించడానికి రెండు పక్కలా కోసేశారు. ఇద్దరు వస్తాదులు ఎదురెదురుగా నిలబడితే ఎడమవాడి ముక్కు, కుడివాడి ముక్కు, మధ్యలో ఖాళీ గోడ. ఒకడు ఎగిరి తంతాడు, ఎవడికి తగిలిందో వాడు కింద పడ్డాక గాని తెలియదు. డ్యాం పనివాడొకడు, "అన్నా, టీవీ కొంచెం పక్కకి జరుపు, వాడు బయట నిలబడ్డాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వకూడని చోటు అది. రాసుకో.

రంగు ముదిరింది. మొహాలన్నీ పసుపు పూసుకున్నట్టున్నాయి. అసలుదాని అట్ట మీద పులి బొమ్మ వేశారు, సినిమాలో పులి లేదు. అట్ట మీద మనిషి కూడా సినిమాలో లేడు. వాడెవరో మీ కంపెనీని అడుగు. లేనిదాన్ని ఉందని చూపించి పిలిచే బోధకుల్ని మనం చాలామందిని చూశాం, తూకంలో వాళ్ళెప్పుడూ తేలిపోయారు.

శబ్దం. చెంపదెబ్బకీ, గుద్దుకీ, తలుపు విరగడానికీ ఒకే చప్పుడు పెట్టారు. చాకిరేవులో తడిబట్ట బండ మీద వేసిన చప్పుడు. తెలుగు మాట వచ్చినప్పుడల్లా వెనక సంగీతం ఠక్కున ఆగిపోయి, మాట అవ్వగానే మళ్ళీ మొదలవుతుంది. ఆ మనుషులు ఊపిరి బిగబట్టి మాట్లాడుతున్నట్టుంది. ముగ్గురు దొంగలకు ఒకే గొంతు. అందులో ఒకడు ఇంకొకణ్ణి తిట్టేటప్పుడు తనను తానే తిట్టుకుంటున్నాడు.

కొట్లాటల గురించి నా మాట వేరే. ఇరవైమంది చుట్టూ నిలబడి ఒకడి తర్వాత ఒకడు వరసలో వచ్చి దెబ్బలు తింటారు. మల్లికార్జునరావు గారు, "రేషన్ షాపు క్యూ లాగుంది, మన పల్నాట్లో అయితే ఇరవై మందీ ఒకేసారి మీద పడతారు" అన్నారు. నాకూ అదే అనిపించింది. గెత్సేమనే తోటలో పేతురు కత్తి దూసి ఒక్క చెవి నరికితే ప్రభువు ఆ చెవి మళ్ళీ అతికించాడు. ఈ సినిమాలో ఎన్ని చెవులు పోయాయో, ఒక్కటీ అతకలేదు. ఇది నేను దీవించే సంగతి కాదు. దీవించమని నువ్వూ అడగలేదు.

ఇక నీ మాటలు.

దొంగల నాయకుడి మాట పుస్తకం మాట. "ఓరీ దురాత్మా" అంటే నాటకంలా ఉంది. తీసెయ్యి. వంటవాడి మాట మాత్రం బంగారం. వాడు నోరు తెరిచినప్పుడల్లా జైనాబ్ బీ పగలబడి నవ్వింది. "ఈ వంటోడు మాచెర్లోడే అమ్మీ" అని మీ అమ్మ తొడ మీద కొట్టింది. పెదవులకు మాటలు బాగా అతికాయి. రెండుచోట్ల గురువు పెదవులు ఆగినా మాట ఆగలేదు. అది బోధకుల జబ్బు. ఎక్కడ పట్టుకున్నావో నాకు తెలుసు.

గురువు దగ్గరికి వచ్చాను. ఇక్కడ లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. మూడున్నరైంది.

కొండ మీద పాఠశాల, నూటొక్క మెట్లు, ముసలి గురువు. ఆయన పెంచిన శిష్యుడు పట్నంలో డబ్బులకి ఫైటింగు ఆటలాడతానని బయల్దేరతాడు. విద్యని ఆటబొమ్మ చేస్తావా అని గురువు మండిపడతాడు. శిష్యుడు సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే, గురువు పై మెట్టు మీద నిలబడి అరుస్తాడు: "దిగేవాడివి దిగు! వెనక్కి తిరిగి చూడబాకు. చూశావా, ఉప్పురాయివై పోతావు. ఈ గుమ్మం నీకిక గోడే!"

గదిలో ఎవరో, "చైనావోళ్ళు కూడా ఉప్పురాయి అవుతారా?" అన్నారు. "వాళ్ళ కితాబులో కూడా ఉందేమో భాయ్" అన్నాడు షౌకత్. అందరూ నవ్వారు. నేను బైబిలు రెండు చేతులతో పట్టుకున్నాను. వెనక్కి చూసి ఉప్పుస్తంభమైన లోతు భార్య కథ చైనా గురువుకి ఎవరు చెప్పారో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. రెండేళ్ళ కింద మన స్టేషన్‌లో పాసింజరు మెట్టు మీద నువ్వు ఒక కాలు పెట్టి ఉండగా, పదిమందిలో నేనన్న మాటలవి. ఒక్క అక్షరం మార్చలేదు నువ్వు. సినిమా మనిషి నోట్లో విన్నాక తెలిసింది అవి ఎంత పెద్ద గొంతుతో అన్నానో.

నా బిడ్డే నన్ను వీధిన పెట్టిందనుకున్నాను. నిజం రాస్తున్నాను, కోపం వచ్చింది. లేచి పోదామనుకున్నాను. టిక్కెట్టు కొన్నాక మొత్తం చూస్తానన్న మీ అమ్మ మాట ఒక్కటే నన్ను కూచోబెట్టింది.

తర్వాత ఆ సీను వచ్చింది. శిష్యుడు పోయిన తర్వాత గురువు ప్రతి సంత రోజూ గోనెసంచి పట్టుకుని నూటొక్క మెట్లూ దిగి, పట్నం బండ్లు ఆగే చోటుకి పోతాడు. బండ్లన్నీ ఖాళీ అయ్యేదాకా నిలబడి తిరిగి వస్తాడు. ఒక రోజు బయల్దేరుతుంటే వంటవాడు అడుగుతాడు.

"యాడికి గురువుగారూ?"

"ఉప్పు కొనడానికి."

"పోయిన వారం ఉప్పే ఇంకా ఉంది గదా."

గురువు సంచీ దులుపుకుని మెట్లు దిగుతాడు.

గది అంతా నవ్వింది. జైనాబ్ బీ మాత్రం, "పాపం, బుడ్డాయనకి కొడుకు గావాల" అంది. హన్నా, నేను ప్రతి శనివారం సాయంత్రం కరపత్రాలు పంచాలని స్టేషన్‌కి పోతున్న సంగతి నీకు ఎవరు చెప్పారు? రెండేళ్ళుగా ఒక్క శనివారం మానలేదు. ఆరు ఇరవై పాసింజరులో ఆఖరి మనిషి దిగేదాకా నిలబడతాను. సువార్త కోసమే అని అందరితో చెప్పాను, నాతో నేనూ చెప్పుకున్నాను. దిగినవాళ్ళలో సగం మందికి కరపత్రం ఇవ్వడం కూడా మరిచిపోతాను.

వెనక్కి తిరిగి మీ అమ్మని చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెర వైపే చూస్తూ, "నేనే. అనసూయ టీచరు చేత రాయించా" అంది మెల్లగా. జవాబు మాత్రం టీచరింటికి వద్దనీ, మీ నాన్న పేరునే రావాలనీ రాయించిందట. ఆమె పంతం అది. నీ జవాబులు మన ఇంటికి వచ్చాయి. ఆమె చెవికి చేరలేదు.

సినిమా చివరికి వచ్చింది. శిష్యుడు పట్నంలో అందరి చేతా దెబ్బలు తిని, రక్తం కారుతూ, నూటొక్క మెట్లూ చేతులతో పాకుతూ ఎక్కుతాడు. లోపల గురువు అలికిడి విని లేస్తాడు. తలుపు దగ్గరికి వస్తాడు. గడియ మీద చెయ్యి వేస్తాడు. ఇటు పక్క మొహం, అటు పక్క మొహం, మధ్యలో తలుపు. ఇక్కడ మాత్రం రెండు పక్కలా కోసినా తలుపు నిండుగా కనిపించింది. గురువు నోరు తెరిచాడు.

తెరిచిన నోట్లోంచి షాదీ బ్యాండు మోగింది.

టీవీ నిండా చీమలు పాకి, ఎవరిదో పెళ్ళి వచ్చింది. పందిట్లో బిర్యానీ వడ్డిస్తున్నారు. జనం గోల పెట్టారు. షౌకత్ పరుగున వచ్చి వీడియో డెక్కు ఆపి, "ఆఖర్న ఐదు నిమిషాలే పోయింది సార్. టేపు పొట్టిది, అంతవరకే పట్టింది. ఆ తర్వాతది పాత షాదీ" అన్నాడు.

"ముసలాయన ఏమంటాడు మరి?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"తెలవదు పెద్దాయనా. నేనూ చూళ్ళేదు. ఒక్కోరు ఒక్కోటి అనుకుని పోతారు."

"పొమ్మంటాడు. అంత పంతం ఉన్నోడు తీస్తాడా?" అన్నారు మల్లికార్జునరావు గారు.

"తియ్యకుంటే గడియ మీద చెయ్యెందుకు పెడతాడు నాయనా?" అంది జైనాబ్ బీ.

"అసలు కేసెట్టు జిలానీ భాయ్ దగ్గరుండె. దాంట్లో మొత్తం ఉంది. మాచెర్లలో ఎవరో పాస్టరు తగలబెట్టాడంట సార్, మందిరం ముందర" అన్నాడు షౌకత్.

"ఈయనే" అంది మీ అమ్మ, చాప మీద నుంచి లేవడానికి నా వైపు చెయ్యి చాపుతూ.

ఆ చెయ్యి పట్టుకుని లేపాను. బస్సు దాకా నడిచాం.

కిందికి కిందికి నెట్టిన సంగతి ఇదే. ఇక నెట్టడానికి కాగితం లేదు.

ఈ నెల తొమ్మిదో తారీఖు ఆదివారం అపొస్తలుల కార్యములు పందొమ్మిదో అధ్యాయం చెప్పాను. ఎఫెసులో మంత్రవిద్య పుస్తకాలు తెచ్చి అందరి ముందు కాల్చేసిన భాగం. మధ్యాహ్నం మందిరం ముందు మంట వేయించి, మీ ఇళ్ళలో చీకటి వస్తువులేమున్నాయో తెండి అన్నాను. పొగాకు డబ్బాలు తెచ్చారు, సినిమా పాటల పుస్తకాలు తెచ్చారు, జాతకం చీటీలు తెచ్చారు. పుల్లమ్మ ముందురోజే మనవరాలి ఫంక్షన్‌కి జిలానీ దగ్గర టీవీ, డెక్కు, నాలుగు కేసెట్లు అద్దెకు తెచ్చింది. అందులో ఒకటి చేత పట్టుకొచ్చి, "అయ్యగారూ, ఇది మా ఇంట్లో ఆడింది. కాళ్ళతో మొహాలు తన్నుకున్నారు" అని ఏడ్చింది. అద్దె సొమ్ము కదా, నీదా అని అడగలేదు. ఇందులో ఏముందని అడగలేదు. ఎత్తి పట్టుకుని పులి బొమ్మ జనానికి చూపించి, "ఎఫెసు మాచర్లకు వచ్చింది!" అన్నాను. ముందువైపు చూపించాను. వెనక తిప్పలేదు. వెనక్కి చూడొద్దని బతుకంతా చెప్పినవాణ్ణి.

మంటలో టేపు మెలికలు తిరిగితే, "చూడండి సర్పం!" అన్నాను. జనం హల్లెలూయ అన్నారు. ఆ రోజు నా ప్రసంగం చాలా బాగా కుదిరిందనుకున్నాను.

మర్నాడు పొద్దున మీ అమ్మ మందిరం వాకిలి ఊడుస్తూ సగం కాలిన అట్టముక్క తెచ్చింది. అమ్మకు చదవడం వచ్చిన మాటలు రెండే: యేసు, హన్న. రెండూ నువ్వు నేర్పినవే. అట్టముక్క నా ముందు పెట్టి వేలు ఆనించి, "ఇది పిల్ల పేరు గాదూ?" అంది.

"కాదు" అన్నాను.

"బాగా చూడు."

"కాదన్నానా."

'మాటలు: జె. హన్న' అని స్పష్టంగా ఉంది. పేతురు ప్రభువును మూడుసార్లు కాదన్నాడు. నన్ను మీ అమ్మ మూడోసారి అడగలేదు. అట్టముక్క నా బైబిల్లో పెట్టి లోపలికి పోయింది. ఆ బైబిల్లోనే కీర్తనల దగ్గర నీ మూడు ఉత్తరాలు ఉన్నాయి. మూడూ అంటించినవి అంటించినట్టే. హన్నా, రెండేళ్ళలో నీ ఉత్తరం ఒక్కటీ తెరవలేదు. చింపడానికి చెయ్యి రాలేదు, చదవడానికి గుండె రాలేదు. పుస్తకాన్ని తెరవకుండా తీర్పు చెప్పేవాణ్ణి లోకమంతా తిరిగి ఎండగట్టాను. ఆ సోమవారం ఫ్యాక్టరీకి పోకుండా మూడూ వరసగా చదివాను. మీ అమ్మకి కూడా చదివి వినిపించాను. ఆమె మూడో ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది.

వెంటనే జిలానీ షాపుకి పోయాను. "రండి పాస్టరు గారూ, అగ్గిపెట్టె తెచ్చారా?" అన్నాడు. తప్పయిందన్నాను. కేసెట్టు ఖరీదు ఇస్తానన్నాను. "డబ్బు మాట ఎత్తబాకండి. యాడ నిలబడి కాల్చమని చెప్పారో ఆడే నిలబడి, చూడకుండా కాల్చానని చెప్పండి. అది చాలు" అన్నాడు. పోయిన ఆదివారం చెప్పకుండా దాటేశాను. కాపీ విజయపురి సౌత్‌లో షౌకత్ దగ్గర ఉందని చెప్పింది అతనే. మాచర్లలో నేను సినిమా చూస్తే నా సంఘం చూస్తుందని అంత దూరం పోయాను. అదీ నిజమే, రాయకపోతే ఈ ఉత్తరం కూడా అబద్ధమవుతుంది.

నిన్న మళ్ళీ జిలానీ దగ్గరికి పోయాను. "గురువు తలుపు దగ్గర ఏమంటాడు?" అని అడిగాను.

"అది మీరు కాల్చిన దాంట్లో ఉంది పాస్టరు గారూ."

"నువ్వు చూశావు కదా జిలానీ, చెప్పు."

"చూశా. రెండుసార్లు చూశా. మీ పాప రాసిన మాట నా నోట్లో బాగుండదు. ఆమె చేతే చెప్పించుకోండి."

పుల్లమ్మను అడిగితే, "మీరు చూడకూడదంటారని అప్పుడు కళ్ళు మూసుకున్నా అయ్యగారూ" అంది. మూసుకున్న కళ్ళతో ముగింపు ఎట్లా వింటుంది, చెవులు తెరిచే ఉంటాయి కదా అంటే, "అన్నాలు వడ్డిస్తన్నా" అంది. రెంటిలో ఏది నిజమో అడగలేదు. నా మీది భయంతో ఆమె చేత అబద్ధమాడించింది నేనే.

గురువారం నుంచి నిద్ర లేదు. రాయి కోస్తున్నా అదే, ముద్ద నోట్లో పెట్టుకున్నా అదే. గడియ మీద చెయ్యి వేసి నోరు తెరిచిన ఆ ముసలాయనే నా కళ్ళ ముందు. నా మాటలన్నీ అతని నోట్లో పెట్టావు కదా, నేనెన్నడూ అనని ఒక్క మాట ఏం పెట్టావో నేను వినకుండా నేనే కాల్చుకున్నాను. పొమ్మన్నాడా, రమ్మన్నాడా? తీశాడా, తియ్యకుండానే చచ్చిపోయాడా? నాలుగు సువార్తలూ తిరగేశాను. తప్పిపోయిన కొడుకు కథలో తండ్రి దూరాన్నుంచే చూసి పరుగెత్తాడని ఉంది. తలుపు వెనక నిలబడ్డాడని లేదు. అతని వాకిట్లో తలుపే ఉన్నట్టు లేదు.

రేపు ఆదివారం చెబుతాను. ఎక్కడ నిలబడి సర్పం అన్నానో అక్కడే నిలబడి, చూడకుండా కాల్చానని, అందులో నా బిడ్డ పేరుందని, ఉన్న పేరును మీ అమ్మ ముందు రెండుసార్లు కాదన్నానని చెబుతాను. సగం మంది లేచిపోతారేమో. రేకుల మీద వాన పడితే బాగుండునని ఇప్పటిదాకా అనుకున్నాను, ఎవరికీ వినపడదని. వాన పడితే ఆగేదాకా ఆగి చెబుతాను.

నీ తూకానికి తీర్పు: బొమ్మ తక్కువైంది, శబ్దం తక్కువైంది, అట్ట అబద్ధం. మాటలు తక్కువ కాలేదు. రెండో సినిమా నీకే ఇమ్మని కాగితంలో రాశాను. సంతకం కింద పాలిష్ ఫ్యాక్టరీ అడ్రసు పెట్టాను, బోధకుడని రాయలేదు.

ఆ రోజు గుమ్మం గోడే అన్నాను. యెరికో గోడ చుట్టూ ఏడు రోజులు తిరిగితే కూలింది. నేను స్టేషన్ చుట్టూ రెండేళ్ళు తిరిగాను. ఇది కూలిందమ్మా. గడియ కూడా లేదు. గురువు ఏమన్నాడో ఉత్తరంలో మాత్రం రాయబాకు. సెలవు దొరికిన శనివారం వచ్చి నీ నోటితో చెప్పు. దారిలో నడుస్తూ చెప్పు, నేను చేతులు చాపుకుని పక్కన నడుస్తాను.

ఐదున్నరైంది. చొక్కా వేసుకున్నాను. ఈ రోజు కరపత్రాలు తీసుకోలేదు. ఉత్తరం స్టేషన్ డబ్బాలో వేసి వస్తానని మీ అమ్మతో చెప్పాను. ఆమె స్టూలు మీద నుంచి తలెత్తకుండా, "పో. పోయిన వారం ఉప్పే ఇంకా ఉంది" అంది.

ఇట్లు,
ఆరు ఇరవై పాసింజరు దగ్గర నిలబడి ఉండే
నీ నాన్న,
జయరాజు.